తీరిన అప్పు, తీరని ఎంట్రీ: ఆస్తి అమ్మే ముందు ఈసీలో పాత బాకీ సంగతి

ఇల్లో పొలమో అమ్మాలనుకున్నప్పుడు ధర గురించి ఆలోచించినంతగా ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు, బాకీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) గురించి ఎవరూ ఆలోచించరు. బేరం కుదురుతుంది, బయానా తీసుకుంటారు, మూడు నెలల గడువు రాసుకుంటారు. కొనేవాళ్లు లోను కోసం వెళ్తే బ్యాంకు ప్యానల్ లాయరు పాత ఈసీలన్నీ తీయించి చూస్తాడు. తండ్రి హయాంలో చేసిన తనఖా ఒకటో, అందరూ మర్చిపోయిన ప్రోనోటు దావాలో వచ్చిన జప్తు ఉత్తర్వు ఒకటో అప్పుడు బయటపడుతుంది. ఆ అప్పు ఏనాడో తీరిపోయిందని ఇంట్లో అందరికీ తెలుసు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డుకు మాత్రం తెలియదు. లోను ఆగిపోతుంది, గడువు దగ్గరపడుతుంది, బయానా వెనక్కి ఇవ్వాల్సి వస్తుందేమోనన్న టెన్షన్ మొదలవుతుంది.

దీనికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. అప్పు తీర్చడం ఒక పని, తీరిందని రికార్డులో ఎక్కించడం మరో పని. మొదటి పని చేయకపోతే ఇంటికొచ్చి అడిగేవాళ్లుంటారు. రెండోది చేయకపోతే అడిగేవాళ్లే ఉండరు. చట్టం కూడా ఈ రెండో పనిని యజమాని మీదే పెట్టింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 60 ప్రకారం, బాకీ పూర్తిగా కట్టినవాడు తన పత్రాలు వెనక్కి ఇమ్మని, తనఖా హక్కు రద్దయిందని రాసి రిజిస్టర్ చేయించమని అప్పిచ్చినవాడిని కోరవచ్చు. హక్కు ఉంది. కానీ ఖర్చు కట్టినవాడిదే, అడగాల్సిందీ అతనే. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 55 కూడా ఇదే దారిలో నడుస్తుంది. డిక్రీ సొమ్ము, అంటే కోర్టు తీర్పు ప్రకారం కట్టాల్సిన మొత్తం, కోర్టు ద్వారా చెల్లితే జప్తు తొలగినట్టే అంటుంది. ఆ సంగతిని నలుగురికీ ప్రకటించడం మాత్రం బాకీదారు కోరుకుంటేనే, అతని ఖర్చుతోనే అంటుంది. జప్తు వేసేటప్పుడు కోర్టే స్వయంగా సబ్ రిజిస్ట్రార్‌కు కబురు పంపుతుంది. తీసేటప్పుడు ఆ చొరవ యజమాని చూపాలి. ఈ తేడా న్యాయంగా లేదు. అయినా నియమం మారేదాకా అమ్మకందారు దీన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

పాత తనఖాలు ఇన్ని మిగిలిపోవడానికి మన ఊళ్ల అలవాటు కూడా ఒక కారణం. అప్పు తీరాక తనఖా దస్తావేజు వెనుక "మొత్తం ముట్టింది" అని చెల్లు రాయించి, సంతకం పెట్టించి, కాగితం ఇంటికి తెచ్చుకోవడం తరతరాలుగా నడిచింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17లోని మినహాయింపుల జాబితా ఇలాంటి చెల్లును రిజిస్టర్ చేయించనక్కర్లేదనే చెబుతుంది. సొమ్ము ముట్టినట్టు రాసే రసీదు వేరు, తనఖా హక్కునే రద్దు చేస్తున్నానని రాసే పత్రం వేరు అని ఆ సెక్షన్ విడదీసింది. మొదటిదానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రెండోదానికి కావాలి. అందుకే ఇంట్లో పెట్టెలో ఉన్న చెల్లు నిజమైనదే అయినా ఈసీకి ఎక్కలేదు. ఆ పెట్టెను చెదలు తినకపోతే అదృష్టం. ఎందుకంటే ఇవాళ విడుదల పత్రం రాయించాలన్నా, కోర్టుకు వెళ్లాలన్నా మొదటి సాక్ష్యం అదే.

ఈసీలో ఏదీ చెరిగిపోదు

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. విడుదల పత్రం రిజిస్టర్ చేయించాక కూడా ఈసీలో పాత తనఖా కనబడుతోందని కంగారు పడతారు. అది కనబడాలి కూడా. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకాల్లో ఒకసారి ఎక్కిన దస్తావేజును తీసేయడం అనేది లేదు. ఆ తనఖా రద్దయిందని చెప్పే రెండో ఎంట్రీ దాని తర్వాత చేరుతుంది. లాయరు వెతికేది ఈ జంటనే. ఫలానా నంబరు తనఖాకు ఫలానా నంబరు విడుదల ఉందా లేదా అన్నదే అతని ప్రశ్న. ఈ సంగతి తెలియనివాళ్లకు "ఎంట్రీ తీయించేస్తాం" అని డబ్బు అడిగే దళారులు తగులుతారు. అలా తీయించడానికి సక్రమమైన దారి లేదు. రికార్డును అడ్డదారిలో మార్పిస్తే అది నేరమవుతుంది, ఆ తర్వాత ఆస్తి మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఆ ఎంట్రీ ఏ జాతిదో. తనఖా అయితే అప్పిచ్చినవాడి సంతకంతో పోతుంది. కోర్టు జప్తు కోర్టు ఉత్తర్వుతోనే పోతుంది. పన్ను బకాయికో, రెవెన్యూ రికవరీ చట్టం కిందో వేసిన జప్తు అయితే ఆ అధికారి లేఖతో పోతుంది. ఒకదాని మందు మరోదానికి పనిచేయదు. అప్పిచ్చిన పెద్దమనిషి స్వయంగా వచ్చి "నాకు బాకీ ఏమీ లేదు" అని స్టాంపు పేపరు మీద రాసిచ్చినా, కోర్టు వేసిన జప్తును సబ్ రిజిస్ట్రార్ ఆ కాగితం చూసి తీయలేడు. అప్పిచ్చినవాడు సంతకానికి ఒప్పుకుంటే, తనఖా విడుదలకు కోర్టు చుట్టూ తిరగడం కూడా అంతే అనవసరం.

తెలంగాణలో 1983 నుంచి ఉన్న ఎంట్రీలు ఆన్‌లైన్ ఈసీలో దొరుకుతాయి. అంతకుముందువి కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈసీతో పాటు చూడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. రిజిస్ట్రేషన్ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేర్చిన సెక్షన్ 22-ఎ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములతో పాటు కోర్టులు, పన్ను శాఖలు జప్తు చేసిన ఆస్తులను కూడా ఆ జాబితాలో పెట్టే వీలుంది. ఈసీ శుభ్రంగా ఉన్నా, సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ రోజున కంప్యూటర్ ముందు పని ఆగిపోతుంది.

ప్రోనోటు దావా మిగిల్చిన జప్తు

తెలుగు జిల్లాల్లో అమ్మకాలను ఎక్కువ ఇరకాటంలో పెట్టేది ఇదే. ప్రోనోటు మీద అప్పు, మూడేళ్ల గడువు దాటబోతుంటే దావా, దావాతో పాటే "ప్రతివాది ఆస్తి అమ్ముకునేలా ఉన్నాడు" అంటూ తీర్పుకు ముందే జప్తు కోరుతూ ఒక ఐ.ఏ., అంటే మధ్యంతర అర్జీ. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 38 రూల్ 5 కింద కోర్టు జప్తు ఇస్తుంది. ఆ తర్వాత ఊరి పెద్దలు కూర్చుని రాజీ చేస్తారు, సొమ్ము చేతులు మారుతుంది, వాయిదాలకు వెళ్లడం ఇద్దరూ మానేస్తారు. దావా ఎలా ముగిసిందో ఎవరికీ పట్టదు. పదిహేనేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోతే ఆ జప్తు అడ్డం పడుతుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. జప్తు ఉండగా చేసిన అమ్మకం, ఆ జప్తు కింద రావాల్సిన సొమ్ము వరకు చెల్లదని కోడ్‌లోని సెక్షన్ 64 చెబుతుంది. కొన్నవాడు డబ్బంతా ఇచ్చినా ఆ ఇల్లు వేలానికి రావచ్చు. జప్తుకు ముందే రిజిస్టర్ చేసుకున్న అగ్రిమెంటు ఉండి, దాన్ని బట్టే అమ్మకం జరిగితే మాత్రం కొన్నవాడికి రక్షణ ఉంది. 2002 సవరణ ఈ మాటను స్పష్టంగా చేర్చింది. తెల్లకాగితం మీదో, రిజిస్టర్ కాని స్టాంపు పేపరు మీదో రాసుకున్న అగ్రిమెంటుకు ఆ సవరణ ఇచ్చే రక్షణ రాదు.

ఇప్పుడు ఆ పాత దావా ఎలా ముగిసిందన్నదే అసలు విషయం. దావా కొట్టేస్తే, అది వాది రాకపోవడం వల్ల కొట్టేసినా సరే, తీర్పుకు ముందు వేసిన జప్తుకు ఆధారం పోయినట్టే. ఆర్డర్ 38 రూల్ 9 ప్రకారం కోర్టు దాన్ని ఉపసంహరించాలి. ఒకవేళ ఆ దావాను తర్వాత మళ్లీ ఫైలు మీదకు తెచ్చినా, పాత జప్తు దానంతటది తిరిగి ప్రాణం పోసుకోదని రూల్ 11-ఎ అంటుంది. వాదికి డిక్రీ వచ్చి ఉంటే కథ వేరు. అప్పుడు కొత్తగా జప్తు చేయనక్కర్లేకుండా పాతదే కొనసాగుతుంది. ఆ డిక్రీ మీద ఈపీ (డిక్రీని అమలు చేయమని కోరే అర్జీ) వేసి, ఆ ఈపీని కోర్టు కొట్టేసి ఉంటే, జప్తు ఉంచాలో తీసేయాలో కోర్టు చెప్పి ఉండాలి. చెప్పకపోతే జప్తు పోయినట్టే లెక్క అని ఆర్డర్ 21 రూల్ 57 తేల్చింది. డిక్రీ అమలుకు లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు 12 ఏళ్లు. ఆ గడువులో ఈపీయే వేయకపోతే డిక్రీకి చేవ ఉండదు.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది డిక్రీ సొమ్మును కోర్టు బయట కట్టేసినవాళ్లు. అలా కట్టిన సంగతిని కోర్టులో నమోదు చేయించాలని ఆర్డర్ 21 రూల్ 2 చెబుతుంది. నమోదు కాని చెల్లింపును అమలు చేసే కోర్టు గుర్తించదు. డిక్రీదారే ఫుల్ శాటిస్‌ఫాక్షన్ మెమో, అంటే సొమ్మంతా ముట్టిందని కోర్టుకు రాసిచ్చే కాగితం, వేస్తే పని సులువు. అతను వేయకపోతే బాకీదారు అర్జీ పెట్టుకోవడానికి ఉన్న గడువు ముప్ఫై రోజులే. రాజీ కుదిరిన రోజు అందరూ సంతోషంగా ఉంటారు, ఆ మెమో సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. పెద్దమనుషుల ముందు రాసిన రాజీ కాగితం ఎంత పకడ్బందీగా ఉన్నా అది ఈ మెమోకు బదులు కాదు. రాజీ జరిపించే పెద్దలు, సొమ్ము ఇచ్చే రోజునే డిక్రీదారు చేత మెమో మీద సంతకం తీసుకునే అలవాటు చేసుకుంటే ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుంది.

ఇన్నేళ్లకు దావా కాగితాలు దొరుకుతాయా అన్నది తర్వాతి చిక్కు. ఈసీలోనో, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఉన్న ఉత్తర్వులోనో దావా నంబరు, సంవత్సరం, కోర్టు పేరు ఉంటాయి. వాటితో కోర్టులో తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీలకు అర్జీ పెట్టాలి. గడువు తీరిన ఫైళ్లను కోర్టులు ధ్వంసం చేస్తాయి. అలాంటప్పుడు దావా రిజిస్టరు నుంచి ఎక్స్‌ట్రాక్ట్ అడగాలి, దావా ఎలా ముగిసిందో అందులో ఉంటుంది. ఆ కాపీ పట్టుకుని నేరుగా సబ్ రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్తే, దావా కొట్టేశారని స్పష్టంగా ఉన్నా, చాలాచోట్ల "కోర్టు నుంచి లెటర్ తెండి" అనే జవాబే వస్తుంది. అది మొండితనంలా కనిపించినా, కోర్టు వేసినదాన్ని తన నిర్ణయంతో తీసే అధికారం ఆ అధికారికి లేదన్నది నిజం. అందుకే లాయర్లు అదే కోర్టులో అటాచ్‌మెంట్ రెయిజ్ చేయమని, అంటే జప్తు ఎత్తేయమని, అర్జీ వేస్తారు. ఉత్తర్వు వచ్చాక దాన్ని సబ్ రిజిస్ట్రార్‌కు పంపమని కూడా ఆ అర్జీలోనే కోరాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఉత్తర్వు కోర్టు ఫైల్లోనే ఉండిపోతుంది, యజమాని మళ్లీ మొదటికొస్తాడు.

చట్టం ప్రకారం పోయినట్టే లెక్క అయిన జప్తుకు మళ్లీ అర్జీ ఎందుకని కొందరు వాదిస్తారు. వాదన సరైనదే. కానీ కొనేవాడి బ్యాంకు ఒప్పుకోవాలంటే ఆ లెక్క ఒక ఉత్తర్వు రూపంలో కంటికి కనబడాలి.

బ్యాంకు పేరు మారిపోతే

బ్యాంకు తనఖాల్లో బాకీ గురించి తగాదా తక్కువ, బ్యాంకు ఎక్కడుందో వెతకడమే ఎక్కువ. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, అదే రోజున సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. హైదరాబాద్‌లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 2004లో ఓరియంటల్ బ్యాంకులోకి, అది 2020లో పంజాబ్ నేషనల్ బ్యాంకులోకి వెళ్లాయి. వైశ్యా బ్యాంకు తర్వాత ఐఎన్‌జీ వైశ్యా అయి, 2015లో కోటక్ మహీంద్రాలో కలిసింది. తనఖా ఎవరి పేరున ఉన్నా, విడుదల రాసివ్వాల్సింది ఇప్పటి వారసుడే. పల్లెల్లో భూమి తనఖా బ్యాంకు అప్పులదీ ఇదే కథ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో సింగిల్ విండో విధానం వచ్చి ఆ బ్యాంకులు జిల్లా సహకార కేంద్ర బ్యాంకుల్లో కలిసిపోయాయి. కాబట్టి 1970ల నాటి బోరుబావి అప్పుకు కాగితం కావాలంటే జిల్లా సహకార బ్యాంకు తలుపే తట్టాలి. మూతపడ్డ అర్బన్ బ్యాంకు అయితే దాని లెక్కలు తేల్చే లిక్విడేటర్ దగ్గరకు వెళ్లాలి.

బ్యాంకు ఇచ్చే నోడ్యూ సర్టిఫికెట్‌తో పని అయిపోయిందనుకోవడం పొరపాటు. బాకీ లేదని అది చెబుతుంది, అంతే. రిజిస్టర్ అయిన తనఖాకు, డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్‌కు (ఆస్తి పత్రాలు బ్యాంకులో పెట్టి చేసే తనఖా) విడుదల కూడా రిజిస్టర్ కావాలి, బ్యాంకు ప్రతినిధి వచ్చి సంతకం పెట్టాలి. రుణమాఫీ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1990 మాఫీలోనో, 2008 మాఫీలోనో అప్పు పోయిన రైతు, పొలం మీద రాసిన తనఖా కూడా పోయిందనుకుంటాడు. మాఫీ సొమ్ము బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది, తనఖా రికార్డును అది ముట్టుకోదు. ఇక బ్యాంకు తన పుస్తకాల్లో రైటాఫ్ చేసిందంటే అది మాఫీ కూడా కాదు, వసూలు చేసే హక్కు అలాగే ఉంటుంది.

కొత్త అప్పులకు పరిస్థితి కొంత మెరుగైంది. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబర్ 13న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఇంటి లోను లాంటి వ్యక్తిగత రుణాలు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అసలు పత్రాలు ఇచ్చేయాలి, ఏ రిజిస్ట్రీలో చార్జి (ఆస్తి మీద అప్పు తాలూకు హక్కు) నమోదై ఉన్నా తొలగించాలి. తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలి. 2023 డిసెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పత్రాలు ఇవ్వాల్సిన కేసులన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఎన్నో ఏళ్లుగా రావాల్సిన నియమం ఇది. బ్రాంచి మేనేజర్ రేపు మాపు అంటుంటే రాతపూర్వకంగా ఈ ఆదేశాన్ని గుర్తుచేయడం యజమాని హక్కు. ఈసీకి ఎక్కని తనఖాలు కూడా ఉంటాయి కాబట్టి, బ్యాంకుల తనఖాలను నమోదు చేసే, 2011లో మొదలైన సెర్సాయ్ కేంద్ర రిజిస్ట్రీలో కొద్ది ఫీజుతో వెతికి చూడటం మంచిది. అప్పు తీరినా అక్కడ ఎంట్రీ అలాగే ఉన్న సందర్భాలు తక్కువేం కాదు.

అప్పిచ్చిన మనిషే లేకపోతే

ప్రైవేటు తనఖాలో అప్పిచ్చిన పెద్దాయన చనిపోయి ఉంటే ఆయన వారసులందరూ విడుదల పత్రంలో చేరాలి. ఒక్కరు సంతకం పెడితే మిగతావాళ్ల వాటాకు విడుదల లేనట్టే. ఆ వారసుల్లో ఒకరు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండటం మన దగ్గర మామూలే. వాళ్లు అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్‌లోనో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. అడిగేటప్పుడు "మీ నాన్నగారికి ముట్టిన బాకీయే, ఈ చెల్లు చూడండి" అని కాపీలు ముందే పంపితే ఎదుటివాళ్లకు అనుమానం ఉండదు. బయానా గడువు చివరి వారంలో ఫోన్ చేస్తే మాత్రం, యజమానికి ఎంత తొందరుందో వాళ్లకు అర్థమవుతుంది, కొందరు దానికి ధర కడతారు.

మనిషి ఆచూకీ లేకపోయినా, సొమ్ము తీసుకోనని భీష్మించినా, బాకీ ఇంకా మిగిలి ఉంటే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 83 కింద ఆ సొమ్మును కోర్టులో జమ చేయవచ్చు. పెద్దగా వాడుకలో లేని దారి ఇది, తెలిసుండటం మంచిది. పూర్తిగా తీరిపోయిన బాకీకి ఎదుటివారు సంతకం పెట్టకపోతే, విడుదల కోరుతూ దావా వేయడం తప్ప వేరే దారి లేదు, దానికి ఏళ్లు పడతాయి.

"పన్నెండేళ్లు దాటింది, తనఖా చెల్లదు" అనే మాట తరచూ వినబడుతుంది. ఇందులో సగం నిజం. తనఖా సొమ్ము రాబట్టడానికి దావా గడువు, బాకీ చెల్లించాల్సిన నాటి నుంచి 12 ఏళ్లు. మధ్యలో బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత కట్టినట్టు రాసినా ఆ 12 ఏళ్లు మళ్లీ మొదలవుతాయి. గడువు నిజంగా తీరినా, అది అప్పిచ్చినవాడి దావాను ఆపుతుంది కానీ ఈసీలో రెండో ఎంట్రీని చేర్చదు. స్వాధీన తనఖాలో, అంటే అప్పిచ్చినవాడు పొలం సాగు చేసుకుంటున్నప్పుడు, ఈ లెక్కే వర్తించదు. చాలా పాత మామూలు తనఖా అయితే కొందరు ప్యానల్ లాయర్లు అఫిడవిట్, నష్టపరిహార హామీ తీసుకుని లోనుకు ఒప్పుకుంటారు. అది పూర్తిగా ఆ లాయరు, ఆ బ్యాంకు ఇష్టం. దాని మీద ఆశ పెట్టుకుని బయానా తీసుకోకూడదు.

పత్రికలో ఇచ్చే "అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపండి" ప్రకటన కూడా ఇలాంటిదే. కొనేవాడు తన జాగ్రత్త తాను పడ్డాడని చూపడానికి అది పనికొస్తుంది. ఎవరూ స్పందించనంత మాత్రాన తనఖా గానీ జప్తు గానీ రద్దు కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆస్తి మీద నడుస్తున్న దావాల గురించి మహారాష్ట్ర, గుజరాత్‌లలో నోటీసు రిజిస్టర్ చేసే నియమం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటిది లేకపోవడంతో పెండింగ్ దావా ఈసీలో కనబడకుండానే ఉండవచ్చు. కోర్టు వెబ్‌సైటులో యజమానుల పేర్లతో వెతకడం అందుకే అవసరం.

అమ్మకం అగ్రిమెంటు రాసేనాటికి పని పూర్తికాకపోతే ఎంట్రీ సంగతి అందులోనే తేటగా రాయాలి. దాచిపెట్టడం యజమానికే ప్రమాదం, ఎందుకంటే ఆస్తి మీదున్న లోపాలు చెప్పడం, ఉన్న బాకీలు తీర్చడం అమ్మేవాడి బాధ్యత అని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 చెబుతోంది. విడుదల తెచ్చే బాధ్యత ఎవరిది, ఎన్నాళ్లలో, ఆలస్యానికి కోర్టు కారణమైతే గడువు ఎలా పెరుగుతుంది, అప్పటిదాకా ఎంత సొమ్ము ఆపి ఉంచాలి అన్న నాలుగు మాటలు స్పష్టంగా ఉంటే, తర్వాత పంచాయితీ రాదు. ఆస్తి మీద ఇంకా నడుస్తున్న లోను ఉంటే, కొనేవాడి బ్యాంకు నేరుగా పాత బ్యాంకుకు చెక్కు ఇచ్చి పత్రాలు తీసుకోవడం రోజూ జరిగేదే, అందులో భయపడాల్సిందేమీ లేదు.

విడుదల పత్రం రాయించేటప్పుడు దస్తావేజు లేఖరి చేతిలో పాత తనఖా కాపీ ఉండాలి. దాని నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయిందో అన్నీ కొత్త పత్రంలో రావాలి. షెడ్యూలులో పాత డోరు నంబరు, ఇప్పటి డోరు నంబరు రెండూ వేయించాలి. మున్సిపాలిటీ నంబర్లు మార్చిన ఊళ్లలో కొత్త నంబరుతో మాత్రమే రాసిన విడుదల, పాత నంబరుతో వెతికిన ఈసీలో కనబడక మళ్లీ అదే ప్రశ్న లేచిన సందర్భాలున్నాయి. రిజిస్ట్రేషన్ అయిన కొద్ది రోజులకు, ఆస్తికున్న పాత, కొత్త వివరాలు రెండింటితో తాజా ఈసీ తీయించి, తనఖా, విడుదల రెండూ పక్కపక్కన వచ్చాయని చూసుకున్నాకే బయానా తీసుకోవాలి.